దిండు, గోడ, నేను

మార్చి 3, సోమవారం

నన్ను ఛాంపియన్ని చేశారు.

పొద్దున మీటింగులో పెద్ద డాక్టరుగారు నా వైపు వేలు చూపించి, "మన ఫిజియోథెరపీ సెంటరుకి ఛాంపియన్ ఈవిడే" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తమ నెత్తిన పడనందుకు కొట్టే చప్పట్లు వేరుగా ఉంటాయి, వినగానే తెలిసిపోతుంది. కప్పు లేదు, పతకం లేదు. కొత్త పద్ధతిని ముందుండి నడిపించాలట, పని మాత్రం బోలెడు.

పిల్లల్ని ఇక సెంటరుకి తిప్పించుకోవద్దట. ఇప్పటికే కొన్ని ఇళ్ళకి వెళ్తున్నాం, ఇక అందరి ఇళ్ళకీ మేమే వెళ్ళాలట. వెళ్ళి పిల్ల మీద చెయ్యి వెయ్యకూడదట. తల్లికి నేర్పాలి, తల్లి చెయ్యాలి, మేం చూస్తూ కూర్చోవాలి. పిల్ల ఏం నేర్చుకోవాలో కూడా ఇంట్లోవాళ్ళే చెప్పాలి. ఇది మంచి పద్ధతని ఎప్పుడో తేలిపోయిందట, అయినా ఎవరూ చెయ్యట్లేదట. ఎందుకు చెయ్యట్లేదో కనిపెట్టడానికి ఒకాయన్ని వేశారు. పెళ్ళి కాలేదు, చొక్కా ఇస్త్రీ నలగలేదు. వస్తూనే మా హాలు గోడకి పెద్ద చార్టు తగిలించాడు. వలయం లోపల వలయం, దాని లోపల ఇంకో వలయం. మధ్యాహ్నానికల్లా అందరూ ఆయన్ని వలయాలాయన అనేస్తున్నారు.

"దీన్ని ఇంప్లిమెంటేషన్ సైన్స్ అంటారు మేడమ్. మంచిదని తెలిసిన పని మనుషులు ఎందుకు చెయ్యరో చెప్పే శాస్త్రం" అన్నాడు.

మా ఇంట్లో దాన్ని బద్ధకం అంటారు. ఒక్క ముక్కలో అయిపోతుంది, వలయాలు అక్కర్లేదు.

కుడి భుజం ఈరోజు పర్లేదు.

మార్చి 4, మంగళవారం

ఛాంపియన్ గారి మొదటి పని అనువాదం. ఇళ్ళలో ఈ పద్ధతి సాగకుండా ఏవి ఆపుతున్నాయో వలయాలాయన తల్లులకి ఫోన్లు చేసి అడుగుతాడట. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆయనకి తెలుగు మాట్లాడటం వచ్చు కానీ రాయమంటే చెమటలు పడతాయి.

నేను మొదట "అవరోధం" అని రాశాను. చదివి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. వంటింట్లో ఉన్న మనిషికి ఫోన్ చేసి మీ అవరోధాలేమిటండీ అంటే రాంగ్ నంబర్ అని పెట్టేస్తుంది. "అడ్డంకి" అని కొట్టి రాశాను. అదీ పేపరు భాషలాగే ఉంది. చివరికి ఇలా కుదిరింది:

ఇంట్లో పాపతో చేయించేటప్పుడు అడ్డు ఏముంటుంది? ఎవరుంటారు?

ఎంత తేలిగ్గా ఉంది! వలయాలాయన రెండుసార్లు చదువుకుని, "సూపర్ మేడమ్, మా అమ్మ మాట్లాడినట్టే ఉంది" అన్నాడు. చాలా రోజులకి ఒక పని నచ్చినట్టుగా చేశాననిపించింది.

మార్చి 6, గురువారం

గురువారం టైలరమ్మ ఇల్లు. రెండు గదులు. ముందు గదిలో కిటికీ కింద కుట్టుమిషను, దాని పక్కన చిన్న స్టూలు, నేల మీద చాప, గోడ పొడవునా దిళ్ళు. భర్త లారీ మీద వెళ్తాడు, నేనింతవరకు మనిషిని చూడలేదు, చొక్కాలు మాత్రం చూశాను.

పిల్లకి ఆరేళ్ళు. కాళ్ళు బిగుసుకుని ఉంటాయి, మాట రాదు. ఏదైనా నచ్చకపోతే అరచెయ్యి నిటారుగా లేపి ముఖం ముందు పెడుతుంది. ఆగు అని. తల్లినైనా, పిల్లినైనా, గ్యాస్ బండ తెచ్చినవాణ్ణయినా ఆపేస్తుంది. అందుకే నేను దాన్ని ట్రాఫిక్ పోలీసు అంటాను. నన్ను మాత్రం ఎప్పుడూ ఆపలేదు.

పద్ధతి ప్రకారం అడిగాను. "ఏమ్మా, పాపకి ముందుగా ఏది రావాలనుకుంటున్నావు?"

నడక అంటుందనుకున్నాను. టైలరమ్మ నోట్లో దారం తీసి, "ఆ స్టూలు మీదికి తనంతట తను ఎక్కి కూర్చుంటే చాలండి" అంది.

"స్టూలా?"

"నేను కుడుతుంటే పక్కన కూర్చోవాలంటుంది. బొత్తాలు అందిస్తుంది. కూర్చోబెడతాను, కాసేపటికి దిగుతానంటుంది, దింపుతాను, మళ్ళీ ఎక్కుతానంటుంది. ప్రతిసారీ మిషను ఆపి లేవాలి. బరువెక్కిందండి. ఇంకో ఏడాది అయితే నేను లేపలేను. అప్పుడిక రోజంతా చాప మీదే."

స్టూలు ఎక్కడానికి నేనెందుకు? ఈ చేతులతో ఎంతమందిని నడిపించాను. సరే అన్నాను కానీ, చాప మీద కూర్చుని పిల్లని లాక్కుని నడుము దగ్గర రెండు చేతులూ వేశాను. ఒక్క క్షణం ఆగి వేశాను, నిజానికి. అంతే, పువ్వులా నిలబడింది! టైలరమ్మ మిషను ఆపి నోరు తెరిచి చూసింది.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "గురువారం కోసం చూస్తుంటామండి ఇద్దరం" అంది. బస్సులో అదే తలుచుకుంటూ వచ్చాను. ఈ ఉద్యోగంలో ఇలాంటి మాట ఏడాదికొకటి దొరికినా చాలు.

మార్చి 7, శుక్రవారం

జడ వేసుకోలేక క్లిప్పు పెట్టుకున్నాను. మా ఈయన చూసి, "ఏంటి స్టైలు?" అన్నారు. స్టైలే అన్నాను.

మార్చి 10, సోమవారం

వలయాలాయన తలా ఒక కార్డుల కట్ట ఇచ్చి, "మీ వైపు నుంచి ఏది ఆపుతోందో ఒక్కో కార్డు మీద ఒక్కోటి రాయండి" అన్నాడు. నేను గబగబా రాసేశాను. పెద్ద డాక్టరుగారు: హుకుములు తప్ప వినడం తెలీదు. బస్సులు. రోజుకి పెట్టిన ఇళ్ళు ఎక్కువ. తల్లులు: శ్రద్ధ లేదు, చెప్పింది చెయ్యరు, వారం తర్వాత వెళ్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

కట్ట ఖాళీ అయింది. పక్కావిడ దగ్గర అప్పు తీసుకుని మళ్ళీ రాశాను. అన్నిటినీ చార్టు మీద అతికించాడు. బయటి వలయం నిండిపోయింది, మధ్య వలయం నిండిపోయింది. అన్నిటికన్నా లోపల, "పని చేసే మనిషి" అని రాసి ఉన్న చోట ఒక్క కార్డూ లేదు.

"ఇక్కడ ఏమీ లేదా మేడమ్?" అన్నాడు.

"ఉంటే రాసేదాన్ని కదా బాబూ" అన్నాను.

మార్చి 13, గురువారం

టైలరమ్మ ఇల్లు. వారమంతా స్టూలు దగ్గర చేయించావా అంటే, "చేయించానండి, సరిగా రాలేదు" అని తల దించుకుంది. చేయించలేదని అర్థం. మళ్ళీ నేనే పట్టుకున్నాను. మళ్ళీ నిలబడింది. నేర్పడం, చూడటం అంటే బాగానే ఉంటుంది, మధ్యలో పిల్ల సమయం పోతుంది కదా.

భుజం బస్సు రాడ్డు పట్టుకోవడం వల్ల.

మార్చి 17, సోమవారం

ఫోన్ల ఫలితాలు చదివారు.

వలయాలాయన తెర మీద బొమ్మ వేశాడు. తల్లులు చెప్పిన అడ్డంకుల్లో మొదటి స్థానం దిండు. ఆయన చాలా సీరియస్‌గా, "ఇళ్ళలో పరుపులు, దిళ్ళు ఎక్కువగా ఉండటం వల్ల సాధనకి చోటు దొరకడం లేదు" అన్నాడు. రెండో స్థానం గోడ. "ఇళ్ళు ఇరుకు." ఒక ఇంట్లో చుట్ట చుట్టిన దుప్పటి. ఒక ఇంట్లో నాన్నమ్మ.

దిండు అన్నప్పుడే నేను రాసిన ప్రశ్న కాగితం తీసి మళ్ళీ చదువుకున్నాను.

ఇంట్లో పసిబిడ్డని పెంచిన ఏ ఆడదాన్నయినా అడగండి అడ్డు అంటే ఏమిటో. మంచం మీద పడుకోబెట్టి వంటింట్లోకి వెళ్ళేముందు ఏమంటాం? దిండు అడ్డు పెట్టు, పడిపోతుంది. నేను మా వాడికి ఎన్నిసార్లు పెట్టలేదు! చేయించేటప్పుడు అడ్డు ఏముంటుంది అంటే, పడకుండా ఏం పెడతారు అని అడిగామనుకున్నారు వాళ్ళు. పాపం, ఒద్దికగా జవాబు చెప్పారు. దిండు ఉంటుందండి. గోడ ఉంటుందండి.

ఆ తర్వాత వలయాలాయన గొంతు తగ్గించి చదివాడు. "కొందరు తల్లులు నిజాయితీగా ఒప్పుకున్నారు. ఒకావిడ మాటల్లోనే చెప్తాను. 'ఎవరుంటారండీ, నేనే అడ్డు.'"

ఆ గొంతు నాకు తెలుసు. నోట్లో దారం పెట్టుకుని అని ఉంటుంది.

పెద్ద డాక్టరుగారు తల ఊపారు. తానే అడ్డమని తల్లే చెప్తుంటే మనమేం చేస్తాం, అలాంటి ఇళ్ళని 'సిద్ధంగా లేని కుటుంబాలు' కింద పక్కన పెట్టండి, వచ్చే నెల నుంచి ఆ గురువారాలు సిద్ధంగా ఉన్నవాళ్ళకివ్వండి అన్నారు. పక్కన పెట్టడమంటే మళ్ళీ వరస చివరికి వెళ్ళి నిలబడటం. మళ్ళీ వంతు వచ్చేసరికి పోలీసు బరువు ఎంతవుతుందో, టైలరమ్మ నడుము ఏమవుతుందో.

అప్పుడే చెప్పేదాన్ని. భుజం గట్టిగా లాగింది, అందుకని మాట్లాడలేకపోయాను.

మార్చి 18, మంగళవారం

చెప్పలేదు. వలయాలాయన బయటికి వెళ్ళాడు.

మార్చి 19, బుధవారం

చెప్పలేదు. వలయాలాయన ఉన్నాడు.

అసలు ఇందులో నాదేముంది? మాట మంచి మాటే. వినేవాడికి దిండు అంటే తలకింద పెట్టుకునేది మాత్రమే అని తెలిస్తే నేనేం చెయ్యను. తిరిగి అడగొచ్చు కదా, ఏమిటమ్మా దిండంటున్నారు అని. అడగలేదు. సూపర్ మేడమ్ అన్నది ఆయనే.

ఛాంపియన్ అనువాదం ఇలా ఏడ్చిందని తెలిస్తే సెంటరంతా ఏడాది పాటు నవ్వుకుంటారు. దిండు మేడమ్ అని పేరు కూడా పెడతారు. పెట్టేది నేనైతే పెట్టేదాన్ని.

మార్చి 20, గురువారం

టైలరమ్మ ఇల్లు.

పోలీసుకి కొత్త గౌను. కుట్టగా మిగిలిన ముక్కలతో కుట్టింది, చేతులు ఒక రంగు, ఒళ్ళు ఒక రంగు. నన్ను చూడగానే చాప మీద నుంచి చేతులు చాపింది. నేనెంత ఎత్తితే అంత లేస్తానన్నట్టు ఒళ్ళంతా నాకు వదిలేసింది.

"మీ వాళ్ళెవరో ఫోన్ చేశారండి" అంది టైలరమ్మ. "ఎంత మర్యాదగా మాట్లాడారో! పాప పడకుండా ఎవరుంటారని అడిగారు. ఎవరుంటారు, నేనే కదా అన్నాను. బాగానే చెప్పానా?"

"బాగా చెప్పావమ్మా."

"వచ్చే నెల కూడా వస్తారు కదా?"

వస్తాను అన్నాను. నోరు దానంతట అదే అనేసింది.

మార్చి 21, శుక్రవారం

పొద్దున్నే ఇంకా ఎవరూ రాకముందు వెళ్ళి వలయాలాయన బల్ల ముందు నిలబడ్డాను. సోది లేకుండా చెప్పేశాను. దిండు అడ్డంకి కాదు, అడ్డు. గోడ అడ్డంకి కాదు, అడ్డు. ఆ తల్లి అడ్డంకి కాదు.

ఆయన ఫోన్ తీసి వాళ్ళమ్మకి చేసి స్పీకరులో పెట్టాడు.

"అమ్మా, చిన్నపిల్లలకి అడ్డు అంటే ఏంటి?"

"పొద్దున్నే ఏంట్రా? దిండు అడ్డు పెట్టేవాళ్ళం, పడకుండా. నీకు దిండు ఆగేదా? తన్నేసేవాడివి. మీ నాన్నని అడ్డంగా పడుకోబెట్టేదాన్ని. ఏరా, ఎవరికి పిల్లలు? ఏమైనా దాస్తున్నావా నా దగ్గర?"

ఆయన ఫోన్ పెట్టేసి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నవ్వుతున్నాడనుకున్నాను. కాదు. "మేడమ్, ఇది నేను పైవాళ్ళందరి ముందూ చెప్పేశాను. పిల్లలున్న ఇళ్ళలో దిళ్ళు తగ్గించాలని సలహా కూడా రాశాను" అన్నాడు.

పాపం అనిపించింది. ఇస్త్రీ చొక్కా లోపల ఆయనా నాలాగే అలిసిపోయి ఉన్నాడు. పరువు పోతుందన్న భయం ఆయనకీ ఉంది, అయినా నాలాగా నాలుగు రోజులు తిప్పలేదు. లేచి పెద్ద డాక్టరుగారి గదిలోకి వెళ్ళాడు. తలుపు వెనక నుంచి గట్టిగానే వినిపించింది. బయటికి వచ్చి, "మళ్ళీ అడుగుదాం. ఈసారి ఫోన్లో కాదు, ఇంటికి వెళ్ళి. టైలరమ్మగారి ఇంటితో మొదలుపెడదాం. మీరూ రండి" అన్నాడు.

తప్పు ఎవరిదని లోపల అడిగారట. ఇద్దరిదీ అన్నాడట.

మార్చి 27, గురువారం

రాయబుద్ధి కావడం లేదు. రాయకపోతే రేపటికి ఇంకోలా చెప్పుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

ఇద్దరం వెళ్ళాం. వలయాలాయన చాప మీదే కూర్చున్నాడు, ప్యాంటు నలుగుతుందని కూడా చూసుకోలేదు. పోలీసు ఆయన్ని అరచేత్తో ఆపింది. ఆయన నిజంగానే ఆగిపోయాడు. కాసేపటికి చెయ్యి దింపింది, అప్పుడు కదిలాడు. అది దానికి నచ్చింది.

ఈసారి ప్రశ్న ఆయన సొంతం. "అమ్మా, స్టూలు ఎక్కడం మేం లేనప్పుడు ఇంట్లో ఎందుకు చేయించలేకపోతున్నారు? మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు."

"ఏమీ లేదండి. పనండి."

"సరే. మేడమ్ వచ్చిన రోజుకీ రాని రోజుకీ తేడా ఏమైనా ఉంటుందా?"

టైలరమ్మ నన్ను చూసింది, ఆయన్ని చూసింది. ఒళ్ళో గుడ్డని మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"ఏమనుకోరు కదండీ?"

"అనుకోను, చెప్పమ్మా" అన్నాను. ఇంకో పొగడ్త వస్తుందనుకున్నాను. అవును, అనుకున్నాను.

"మేడమ్ గారు పట్టుకుంటే అది పువ్వులా నిలబడుతుందండి. ఆవిడ వెళ్ళాక నేను పట్టుకుంటే ఒంగిపోతుంది. ఆవిడ చెయ్యి లాంటి చెయ్యి నాకెలా వస్తుంది? పాడుచేస్తానేమో అని భయమేసి మానేశాను. ఎలాగూ గురువారం మేడమ్ వస్తారు కదా అని. అదీ అంతే, నేను రమ్మంటే రాదు. ఇద్దరం గురువారం కోసం చూస్తుంటామండి."

అదే మాట. మొన్న నేను బస్సులో మురిసిపోయిన మాటే.

ఏదో ఒకటి చెయ్యాలి కదా, పిల్ల దగ్గరికి జరిగి నడుము మీద చెయ్యి వెయ్యబోయాను. ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి సగంలో ఆగిపోయింది. పోలీసు ఆ చేతి వంక చూసింది. చూసి, అరచెయ్యి నిటారుగా లేపి నా ముఖం ముందు పెట్టింది.

నొప్పి తెలిసి ఆపిందో, కొత్త ఆట దొరికిందని ఆపిందో నాకు తెలీదు. టైలరమ్మ కంగారుగా, "తప్పమ్మా, మేడమ్ గారు" అని దాని చెయ్యి దించబోయింది. వద్దన్నాను. ఏడుపొచ్చింది. వలయాలాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, ఆ మర్యాద మాత్రం మరిచిపోను.

మార్చి 28, శుక్రవారం

భుజం నొప్పిగా ఉంది. చాలా రోజులుగా ఉంది. ఈయనతో చెప్పాను. తెలుసన్నారు. క్లిప్పు రోజే తెలుసట, నువ్వు చెప్తావని చూస్తున్నానన్నారు.

హాల్లోకి వెళ్ళి ఒక కార్డు తీసుకుని రాశాను: మేడమ్ చేతులు. చార్టులో అన్నిటికన్నా లోపలి వలయంలో నేనే అతికించాను. తల్లులకి శ్రద్ధ లేదన్న కార్డు పీకేశాను. పీకుతుంటే చార్టు కొంచెం చిరిగింది.

పెద్ద డాక్టరుగారు టైలరమ్మ గురువారాలు ఉంచారు. ఒక షరతు మీద: ఛాంపియన్ పద్ధతి ప్రకారం చెయ్యాలి, లేకపోతే ఆ ఇంటికి ఇంకొకర్ని పంపుతాం. వినడం తెలీని మనిషి అని రాశాను ఆయన గురించి. విన్నారు.

ఏప్రిల్ 3, గురువారం

చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఇంతకన్నా కష్టమైన పని చెయ్యలేదు నేను. టైలరమ్మ చేతులు తప్పు చోట పడుతున్నాయి, నోటితో చెప్పాలి, చెప్తే అర్థం కాదు, మళ్ళీ చెప్పాలి. పిల్ల ఒంగిపోయింది. తల్లి నా వంక చూసింది. నేను కదల్లేదు. పిల్ల ఏడ్చింది. వచ్చేశాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

నా చేతులైతే నిన్న నిలబడేది.

ఏప్రిల్ 10, గురువారం

టైలరమ్మ వారమంతా చేయించింది. అడక్కుండానే తెలిసింది, స్టూలు మిషను దగ్గర లేదు, చాప పక్కన ఉంది. పాప తన చేతుల్లో ఎలా నిలబడుతుందో చూపించింది. నా పద్ధతి కాదు. మోకాలితో వెనక నుంచి ఆనిస్తోంది, పుస్తకంలో ఎక్కడా లేదు. ఒక చోట చాలా తప్పు, అది మాత్రం చెప్పాను. మిగతాది నోరు మూసుకున్నాను.

స్టూలు మీద రెండు మోచేతులూ ఆనించి సగం దాకా లేచింది. జారి దిండు మీద పడింది. నవ్వింది.

ఏప్రిల్ 17, గురువారం

వెళ్ళేసరికి టైలరమ్మ కుడుతోంది. ఏదో తొందర పని. "రండి మేడమ్, ఇదొక్కటీ" అంది. నేను చాప మీద గోడకి ఆనుకుని కూర్చున్నాను. పోలీసు చాప మీద బొత్తాలు పరుచుకుని ఉంది. స్టూలు మళ్ళీ మిషను పక్కకి వెళ్ళిపోయింది.

పిల్ల ఒక బొత్తం ఏరుకుని నోట్లో పెట్టుకుంది. వద్దనబోయాను, చేతులు ఖాళీగా ఉండాలని పెట్టుకుందని అర్థమై ఆగాను. వాళ్ళమ్మ దారం పెట్టుకున్నట్టే. స్టూలు దాకా పాకింది. మోచేతులు పైన పెట్టింది. దిండు నా పక్కనే ఉంది, తీసి దాని వెనక పెట్టాలని చెయ్యి లాగింది. టైలరమ్మ కూడా చూసింది. "అడ్డు పెట్టండి మేడమ్" అంది కంగారుగా.

పోలీసు వెనక్కి తిరగలేదు. ఒక చెయ్యి మాత్రం స్టూలు మీద నుంచి తీసి మా ఇద్దరి వైపూ అరచెయ్యి చూపించింది.

దిండు నా ఒళ్ళో పెట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను, అది వేరే సంగతి.

ఒక మోకాలు ఎక్కింది, జారింది. మళ్ళీ ఎక్కింది. ఎంత సేపో తెలీదు. ఒళ్ళంతా ఒక పక్కకి తిప్పి, ఎవరూ నేర్పని మెలికేదో తిరిగి, కూర్చుంది. నోట్లో బొత్తం తీసి తుడవకుండానే వాళ్ళమ్మకి అందించింది.

టైలరమ్మ ఒక చేత్తో అందుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే గుడ్డ మీదున్న చెయ్యి తియ్యాలి.

కుట్టు వంకర పోయింది. మిషను మాత్రం ఆగలేదు.